పంచుకొనరాదు

ఆ రోజుల్లో మా జిల్లాలో నలుగురు కుర్రాళ్ళు ఒకచోట కూచుంటే సంఘం పుట్టేది. నెల్లూరు వీధుల్లో నడుస్తుంటే నాటక సంఘాలు, భజన సంఘాలు, యువజన సంఘాలు, ఒకే సందులో ఒకదాని మొహం ఒకటి చూడని రెండు గ్రంథాలయ సంఘాలు కనిపించేవి. ఒక బోర్డు, ఒక రబ్బరు ముద్ర, పిలవగానే వచ్చి అధ్యక్షత వహించే పెద్దమనిషి ఒకాయన ఉంటే చాలు. ఏడాది తిరిగేసరికి బోర్డు మిగిలేది, సంఘం పోయేది. (ముద్ర ఎవరి దగ్గరుందన్న తగాదా మాత్రం ఇంకొంత కాలం సాగేది.) మేము పెట్టిన సంఘం అలాంటిది కాదు. అది చట్టప్రకారం రిజిస్టరైన సంఘం. ఆదాయప్పన్ను కచేరీ వాళ్ళే స్వయంగా వచ్చి చూసి, వీళ్ళు లాభం కోసం పనిచేసేవాళ్ళు కాదు, వీళ్ళకిచ్చే విరాళానికి పన్ను మినహాయింపు ఉంది అని రాసిచ్చిన సంఘం. ఈ మాట చెప్పేటప్పుడు ఈ వయసులో కూడా నా మెడ కాస్త నిక్కుతుంది. చూస్తే మా ఆవిడ నవ్వుతుంది కాబట్టి, ఆమె వంటింట్లో ఉన్న సమయం చూసుకుని ఇది రాస్తున్నాను.

మాది పులికాట్ సరస్సులో ఒక దిబ్బ మీది పల్లె. దొరవారిసత్రంలో బస్సు దిగి, పొలాల గట్ల వెంట నడిచి, నీళ్ళ అంచుకు చేరి, అక్కడ పడవ కోసం కేకలు వేస్తే, గాలికి మా మీద దయ ఉంటే చీకటి పడేలోగా ఇల్లు చేరేవాళ్ళం. ఊరంతా చేపలు పట్టి బతికేవాళ్ళే. ఆ ఊళ్ళో పెద్ద పరీక్ష ప్యాసైన మొదటివాణ్ణి నేను. దాంతో వల లాగడానికి పనికిరాకుండా పోయానని మా నాయన, ఇక కలెక్టరు కావడమే తరువాయి అని మా అమ్మ అనుకున్నారు. ఇద్దరినీ నిరాశపరచకుండా మధ్యస్థంగా నెల్లూరులో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా చేరాను. ఆయన ఏ మాట చెప్పినా 'అనగా' అని మొదలుపెట్టేవారు. మేమంతా ఆయనను చాటుగా అనగా ప్లీడరు అనేవాళ్ళం. ఆయనకు తెలుసు, ఏమీ అనేవారు కాదు.

సంఘం ఎందుకు పెట్టామో ముందు చెప్పాలి. మా వదినకు నొప్పులు మొదలైన రోజున గాలి పడిపోయింది. తెరచాప తడిగుడ్డలా వేలాడింది. అన్న, ఇంకో ఇద్దరూ గడకర్రలతో తోసుకుంటూ ఆవలి గట్టుకు తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. వదిన దక్కింది, బిడ్డ దక్కలేదు. ఇక కాన్పులు ఉండవని ఆసుపత్రిలో చెప్పారు. ఆ తర్వాత అన్న చేపలకు వెళ్ళేవాడు, వచ్చేవాడు, అన్నం తినేవాడు, కానీ నవ్వడం మానేశాడు. మా ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వే మనిషి ఆయన. ఆ ఇంట్లో ఆ నవ్వు లేకుండా కూచోవడం నాకు చాలా కష్టంగా ఉండేది.

మా ఊరి రొయ్యలు కొని మద్రాసుకు పంపే షావుకారు ఒకాయన ఉండేవాడు. ఐసు పెట్టెలతో వచ్చేవాడు కనుక ఐసు షావుకారు అనేవాళ్ళం. ఈ సంగతి విని ఆయన కదిలిపోయాడు. "ఇంజను పడవ ఒకటి కొనిస్తా. జబ్బుపడినోళ్ళను, పురుళ్ళ ఆడోళ్ళను దాటించేదానికే వాడాల" అన్నాడు. ఊరంతా చేతులు జోడించింది. ఆయన గొంతు సవరించుకుని, "అయితే మనిషి పేరున ఇయ్యను, సంఘం పేరున ఇస్తా. పన్ను మినహాయింపు ఉన్న సంఘం కావాల. ఇచ్చేది ఎట్టాగూ ఇస్తాను. పన్నులో కొంత తగ్గిందంటే ఇంకొంచెం పెద్ద ఇంజను వస్తాది గదా? మార్చి నెలాఖరు లోపల చూడండి" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. పన్ను మినహాయింపు అంటే ఏమిటో నాకూ తెలియదు. "నేను చూసుకుంటా" అన్నాను. ఆ వయసులో తెలియని పనులన్నీ సులువుగానే కనిపించేవి.

ప్లీడరుగారు నా కథంతా విని ఫీజు మాట ఎత్తకుండా నియమావళి రాయడానికి కూచున్నారు. "అనగా, అన్నింటికంటే ముఖ్యం ఒకటే. సంఘము యొక్క ఆదాయమును గాని ఆస్తిని గాని సభ్యులు తమలో తాము పంచుకొనరాదు. ఈ ముక్క లేకపోతే పన్ను వాళ్ళు మన కాగితం వైపు కూడా చూడరు. ఉండీ దాన్ని పాటించకపోతే ఇంకా ప్రమాదం" అన్నారు. నేను ఆ వాక్యాన్ని నా గుండ్రని దస్తూరీతో రాసుకుని, కింద రెండు గీతలు గీసి, ఆదివారం ఊరికి తీసుకెళ్ళాను.

చదువుకున్న మూర్ఖత్వం అంటే అదే. ఆ వాక్యాన్ని ఏ ఊరికి తీసుకెళ్తున్నానో నాకు తట్టలేదు. మా ఊళ్ళో వల గట్టుకు వచ్చిందంటే ముందు జరిగేది పంపకం. పెళ్ళైన ప్రతి మగవాడికీ ఒక పాలు. మొగుడు పోయిన ఆడమనిషి ఇంటికి ఒక పాలు. జ్వరంతో పడుకుని వల ముట్టనివాడికీ వాడి పాలు వాడి ఇంటికి పోతుంది. పరాయి ఊరివాడు ఆ సమయానికి గట్టున నిలబడి ఉంటే వాడికీ ఒక చిన్న పాలు. పంచకుండా కుప్ప దాచినవాణ్ణి దొంగ అనేవాళ్ళు, వాడితో నిప్పు కూడా ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు కాదు. అలాంటి మనుషుల మధ్య నిలబడి నేను, పంచుకొనరాదు అని కంచుకంఠంతో చదివాను.

మా మేనమామే ఊరికి పెద్దకాపు. తగువు తీర్చాలన్నా, వల పంపకం చెయ్యాలన్నా ఆయనే. చుట్ట నోట్లోంచి తీసి నెమ్మదిగా అడిగాడు.

"పంచుకోకుంటే ఆ సొమ్ము ఎవురిదిరా అల్లుడూ?"

"సంఘానిది మామా."

"సంఘం అంటే ఎవురు?"

"మనమే మామా."

"మనదే అయినప్పుడు పంచుకోవాల గదా? మనది కానప్పుడు ముట్టుకోకూడదు గదా? నువ్వు మమ్మల్ని దొంగల్ని చేసే ఏర్పాటు ఏందన్నా చేస్తుండావా?"

నేను రకరకాలుగా చెప్పాను. ప్లీడరుగారిలాగా 'అనగా' అని కూడా మొదలుపెట్టి చూశాను. ఎటు తిప్పినా మామ ప్రశ్న మళ్ళీ మొదటికే వచ్చి నిలబడేది. ఇక సంఘం మూతపడితే ఆస్తి ఇలాంటి మరో సంఘానికి చెందాలన్న నిబంధన చదివేసరికి మా అమ్మ లేచి నిలబడింది. "ఇంగా పుట్టనే లేదు, అప్పుడే చావు రాస్తుండావా? నోరు కడుక్కోని రాపో" అంది. చివరికి పడవ మాట గుర్తొచ్చి అందరూ మెత్తబడ్డారు. మామ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని, "సరే, ఆ మాట లేకుంటే పడవ రాదంటుండావు గాబట్టి పెట్టుకో. అది ఎట్టా జరిపించాల్నో మేం జరిపిస్తాంలే" అన్నాడు. ఎలా జరిపిస్తావు మామా అని ఆ రోజే అడిగి ఉంటే నాకు తర్వాత అంత చెమట పట్టేది కాదు.

ఇంకో చిక్కు నా వల్లే వచ్చింది. కార్యదర్శిగా నా పేరు చదవగానే, "పెళ్ళిగానోడికి ఊళ్ళో పాలు లేదు. పాలు లేనోడు సంఘంలో ఎట్టా ఉంటాడు?" అన్నారు. చట్టంలో అలా లేదని నేను, ఊళ్ళో అలాగే ఉందని వాళ్ళు. మామ ఒక పరిష్కారం సూచించాడు. "దాందేముండాది, మా పిల్ల ఉండాది. వచ్చే వారమే పెట్టుకుందాం. ఆ పైన కార్యదర్శివైపో." తలుపు వెనక నుంచి ఎవరో పకపకా నవ్వారు. ఎవరో ఏమిటి, ఆ పిల్లే. నాకు చెవులు వేడెక్కాయి. ముందు సంఘం పని కానీండి అని గొణిగాను. కాగితం మీద కార్యదర్శి, ఊరికి మాత్రం రాతగాడు అన్న రాజీతో ఆ పూటకు బయటపడ్డాను.

రిజిస్ట్రేషనుకు ఏడుగురు సభ్యులు కావాలి. ఆరుగురు ఉతికిన పంచెలు, తలపాగాలతో నాతోబాటు నెల్లూరు బస్సెక్కారు. వెంకటాచలం దాటేదాకా బానే ఉన్నారు. నెల్లూరు దగ్గరపడేకొద్దీ ఒక్కొక్కరూ మూగబోయారు. కచేరీలో వేలిముద్ర వేసేటప్పుడు మామ, వల లాగేటప్పటిలాగా కాళ్ళు దూరంగా పెట్టి నిలబడి వేశాడు. పని అయ్యాక హోటలుకు తీసుకెళ్ళాను. తలా ఒక ప్లేటు ఇడ్లీ తెప్పించాను. వాళ్ళు ఎవరి ప్లేటూ ఎవరూ ముట్టుకోలేదు. మామ ఇడ్లీలన్నీ ఒక ఆకులో కుప్ప పోసి, సమానంగా పంచి, సర్వరు కుర్రాడికి కూడా ఒకటి ఇచ్చాడు. వాడు బిత్తరపోయి పుచ్చుకున్నాడు. అది చూసి నేను హాయిగా నవ్వుకున్నాను. దానిలో నాకొక హెచ్చరిక ఉందని గ్రహించలేదు.

పన్ను మినహాయింపు దరఖాస్తు వెళ్ళింది. నియమావళి నకలు, సభ్యుల పేర్లు, జమాఖర్చులు అన్నీ ప్లీడరుగారు స్వయంగా సరిచూశారు. మార్చి దగ్గరపడుతుండగా జవాబు వచ్చింది. సంఘం నిజంగా ఉందా, నియమాల ప్రకారం నడుస్తోందా అని చూడడానికి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారట. ప్లీడరుగారి మొహం పాలిపోయింది. "అనగా, ఆయన నిప్పు. పరాయి ఇంట కాఫీ తాగడు. తాంబూలం ఇచ్చినా లంచం అంటాడు. పైగా చేపల వాసన గిట్టనివాడు" అన్నారు. నేను ముందే ఊరికి పరుగెత్తి ఇంటింటికీ చెప్పాను. అడిగినదానికి నిజం చెప్పండి. అడగనిది చెప్పకండి. ఆయన చేతికి మాత్రం ఏమీ ఇవ్వకండి. అందరూ బుద్ధిగా తలూపారు.

ఇన్‌స్పెక్టరుగారు ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, ఒక చేతిలో బూట్లు, ఇంకో చేతిలో గొడుగుతో పడవ దిగారు. సన్నగా, నిటారుగా ఉన్నారు. బోర్డు చూశారు. తీర్మానాల పుస్తకం చూశారు. బ్యాంకు పుస్తకం చూశారు. ఎక్కడా వంక దొరకలేదు. నా గుండె కాస్త కుదుటపడింది. "సంఘానికి సొంత ఆదాయం ఏముంది?" అని అడిగారు. "వారానికొకసారి సంఘం వల వేస్తారు సార్. ఆ రోజు పడ్డదంతా సంఘానికే" అన్నాను గర్వంగా. "ఎప్పుడు వేస్తారు?" "ఇవాళే సార్. ఇప్పుడే లాగుతున్నారు." "చూద్దాం పదండి" అన్నారు. ఆ వల పని ఎలా జరుగుతుందో అప్పటిదాకా నేనూ చూడలేదు. నాకు ఊరికి రావడానికి కుదిరేది ఆదివారాలే, అది మాత్రం వేరే రోజున పడేది. డబ్బు మాత్రం నికరంగా బ్యాంకుకు వస్తూనే ఉండేది.

మేము వెళ్ళేసరికి వల గట్టున ఉంది. మడవ చేపలు, రొయ్యలు మంచి కుప్ప. ఆడవాళ్ళు తట్టలతో నిలబడి ఉన్నారు. మామ కుప్ప ముందు గొంతుక్కూచుని, దాన్ని చిన్న చిన్న పాళ్ళుగా ఇసకలో సర్దడం మొదలుపెట్టాడు. నేను ఆయన దగ్గరకు పరుగెత్తాను.

"మామా! ఇది సంఘం వల!"

"తెలుసులేరా. ఉండు."

ఇన్‌స్పెక్టరుగారు గొడుగు మూసి చంకన పెట్టుకున్నారు. "ఏం చేస్తున్నారు వీళ్ళు?" అని మా అన్నను అడిగారు. బిడ్డ పోయినప్పట్నుంచీ నోరు విప్పని మా అన్న ఆ పూట విప్పాడు. అడిగినదానికి నిజం చెప్పమన్నది నేనే కదా. "పంచుకుంటుండాం సార్" అన్నాడు.

నేను రెండు గీతలు గీసిన క్రియాపదం అదే. ఇన్‌స్పెక్టరుగారు బూట్లు నాకిచ్చి జేబులోంచి పెన్సిలు తీశారు. ఆ పెన్సిలు చూస్తుంటే నాకు ఇంజను పడవ, ఐసు షావుకారు, ప్లీడరుగారి దగ్గర నా కొలువు, అన్నీ ఒకదాని వెనక ఒకటి నీళ్ళలో మునుగుతున్నట్టు కనిపించాయి. చాలదన్నట్టు మామ ఒక తాటాకు బుట్ట నిండా చేపలు పోసి, తిన్నగా వచ్చి ఇన్‌స్పెక్టరుగారి చేతిలో పెట్టాడు. "ఇది తమరిది సార్." పైన ఉన్న రొయ్య ఒకటి ఇంకా ఎగురుతోంది. ఆయన బుట్టను చెయ్యి చాచినంత దూరం పట్టుకుని, ముక్కు పక్కకు తిప్పి, "ఇది నాకెందుకు?" అన్నారు. "గట్టున నిలబడినారు గదా సార్. నిలబడినోళ్ళకు ఒక పాలు" అన్నాడు మామ, ఇంత చిన్న విషయం ఆయనకు తెలియనందుకు ఆశ్చర్యపోతూ. ఆస్తి పంచుకోవడం ఒకటి, అధికారికి లంచం ఒకటి. రెండింటికీ కలిపి ఒకే జైలు వేస్తారా, వేరువేరుగా వేస్తారా అని నేను లెక్క వేసుకుంటున్నాను.

అందరి పాళ్ళూ అందాయి. అప్పుడు మామ తన పాలు రెండు చేతులా ఎత్తుకుని, నాలుగడుగులు నడిచి, గట్టున విడిగా పెట్టి ఉన్న పెద్ద తట్ట దగ్గరకు వెళ్ళాడు. "పడవకు" అని పోశాడు. ఆయన వెనక ఇంకొకడు. "పడవకు." ఇంకొకడు. మొగుడు పోయిన ముసలమ్మ ఒకామె వంగి వంగి నడుచుకుంటూ వచ్చి, "పడవకు నాయనా" అని పోసింది. మా అన్న వంతు వచ్చింది. చేతుల్లో చేపలు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆడవాళ్ళలో నుంచి వదిన ఒకడుగు ముందుకు వచ్చింది. అన్న వంగి పోశాడు. ఆ మాట మాత్రం ఆయన నోట రాలేదు. వదినే అంది. నాకు కళ్ళు మసకబారాయి. భయంతో అనుకుని తుడుచుకున్నాను. భయం కాదు.

ఇన్‌స్పెక్టరుగారి పెన్సిలు ఆగిపోయి ఉంది. "అదేదో మొదటే ఆ తట్టలో పోయవచ్చు కదా? ఇంత తతంగం ఎందుకు?" అన్నారు. గొంతులో ఇందాకటి బిగువు లేదు. మామ చేతులు పంచెకు తుడుచుకుంటూ చెప్పాడు. "మొదటే పోస్తే నేను పోసినట్టు సార్. ఊరి సొమ్ము పోసేదానికి నేనెవుర్ని? ఎవురి పాలు వాళ్ళ చేతికి రావాల. వచ్చినాక వాళ్ళు ఇయ్యాల. అప్పుడు గదా అది ఇచ్చినట్టు. మా అల్లుడు పంచుకోకూడదని రాసినాడు. ఇంటికి తీసకపోకూడదనేమో అనుకున్నాం. తీసకపోవడం లేదు."

అందరి చూపులూ మెల్లగా ఒక్కచోటికి చేరాయి. గట్టు మీద చేపలు చేతిలో ఉన్న మనిషి ఒక్కరే మిగిలారు. ఇన్‌స్పెక్టరుగారు బుట్ట వైపు చూశారు, తట్ట వైపు చూశారు. పెన్సిలు జేబులో పెట్టి, ఆ నాలుగడుగులూ నడిచి వెళ్ళి బుట్ట వంచారు. "పడవకు" అన్నారు చిన్నగా, మంత్రం తప్పుతుందేమోనన్నట్టు. వెంటనే నావైపు తిరిగి మళ్ళీ నిప్పైపోయారు. "రసీదు రాయండి. రసీదు లేకపోతే నేను పుచ్చుకున్నట్టే అవుతుంది." నేను రాశాను: ఒక బుట్ట, మడవలు కొన్ని, రొయ్యలు కొన్ని, అందులో ఒకటి ప్రాణంతో. ఆయన చదివి, మడిచి, జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నారు. ఆయన నవ్వారని నేను ప్రమాణం చెయ్యలేను గానీ, మీసం మాత్రం కదిలింది.

సరిగ్గా అప్పుడే ఆడవాళ్ళ గుంపులో నుంచి నాకు బాగా తెలిసిన గొంతు ఒకటి వినబడింది. "రూల్సు రాసిన బావ చేతులే ఖాళీగా ఉండాయే!" అందరూ నవ్వారు. నిజమే. పెళ్ళికానివాణ్ణి, ఊరివాణ్ణి, నాకు పాలు లేదు. పన్నుల ఇన్‌స్పెక్టరు కూడా ఇచ్చి పుణ్యం కట్టుకున్న ఆ గట్టు మీద ఇవ్వడానికి ఏమీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఊరివాణ్ణయినందుకు నేను ఆ రోజు పడినంత గర్వం మళ్ళీ ఎప్పుడూ పడలేదు, అంత చిన్నతనమూ పడలేదు. రెండూ కలిసి ఆ సాయంత్రమే మా అమ్మతో, మామ మాటకు సరేనని చెప్పమన్నాను.

మార్చి దాటకముందే మినహాయింపు ఉత్తర్వు వచ్చింది. ప్లీడరుగారు దాన్ని చదివి, జీవితంలో మొదటిసారి 'అనగా' లేకుండా "భేష్" అన్నారు. పడవ వచ్చింది. షావుకారు మాట తప్పలేదు, ఇంజను కాస్త పెద్దదే. దాన్ని నడపడానికి ఎవరని అడిగితే మా అన్న లేచి నిలబడ్డాడు. పెళ్ళైన తర్వాత నాకు వచ్చిన మొట్టమొదటి పాలు సంఘం వలదే. ఛాతీ విరుచుకుని వెళ్ళి "పడవకు" అని పోసి, ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను. కొత్త పెళ్ళికూతురు పులుసుకు చింతపండు నానబెట్టుకుని కూచుని ఉంది. ఆ చింతపండు సంగతి ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఆ మరుసటి ఏడాది నొప్పులు మొదలైతే ఆమెను అదే పడవలో ఎక్కించాం. గాలి లేదు, అయినా పడవ పరుగెత్తింది. అన్న చుక్కాని దగ్గర, వదిన మా ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని, మామ, నేను వీటిలో దేనికీ పనికిరాకుండా. ఇంజను ఎంత పెద్దదైనా మా అమ్మాయికి అంత ఓపిక లేకపోయింది. ఆవలి గట్టు కనిపిస్తుండగానే పడవలో పుట్టేసింది. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారని తెలిశాక మామ తలపాగా తీసి మొహం తుడుచుకుని, "రే అల్లుడూ, సంఘం పడవలో దొరికింది. సభ్యులు పంచుకొనరాదని నువ్వే గదా రాసినావు. ఇప్పుడెట్టా?" అన్నాడు. చుక్కాని దగ్గర నుంచి పెద్ద నవ్వు వినిపించింది. చాలాకాలం తర్వాత విన్నాను ఆ నవ్వు. బిడ్డను మొదట ఎత్తుకున్నది వదిన. ఎత్తుకున్నది మరి దించలేదు.

మా అమ్మాయి రెండిళ్ళలో పెరిగింది. ఇద్దరినీ అమ్మా అనే పిలిచింది. వదిన పోయినప్పుడు మా ఆవిడ కంటే ఎక్కువ ఏడ్చింది. ఇంతకాలం కార్యదర్శిగా ఉండి, గుండ్రని దస్తూరీతో నేను రాసిన ఆ నిబంధనను మేము దాటింది ఆ ఒక్క విషయంలోనే. పన్ను కచేరీ వాళ్ళకు ఈ సంగతి ఇంతవరకు తెలియపరచలేదు.